దాణా కలిపే మనిషి బరువు

మా మరదలు తినే తిండి చూస్తే కోడిపిల్ల కూడా నవ్వుతుంది. ఈ మాట వెటకారానికి అనడం లేదు. నేను చదివేది పశుపోషణ కోర్సు. ఏ వయసు కోడిపిల్లకి రోజుకి ఎంత దాణా కావాలో, అందులో ప్రోటీను ఎంతుండాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ లెక్కన మా మరదలు ఎప్పుడో చిక్కి శల్యమై షెడ్డు మూలన ముడుచుకుని ఉండాలి. ఉండలేదు సరికదా, ఫైర్ సర్వీసులో చేరతానని భీష్మించుకుని కూర్చుంది.

మరదలంటే మా అన్నయ్య భార్యకి చెల్లెలు. ఇద్దరం ఒకే ఊళ్ళో చదువుతున్నాం కాబట్టి ఇద్దరికీ ఒక గది చాలని పెద్దవాళ్ళు తేల్చేశారు. మమ్మల్ని మాటమాత్రం అడగలేదు. మేడ మీద ఒంటి గది, మూలన కరెంటు పొయ్యి, ముందు డాబా, డాబా చివర కుళాయి. నేను దాన్ని "పుల్లా" అని పిలిచేదాన్ని. అది నన్ను "వదినా" అనేది, కానీ అందులో మర్యాద పాలు ఎప్పుడూ తక్కువే.

చేరిన వారానికే ఆమ్లెట్ దగ్గర గొడవైంది. పెద్దముక్క నేను తీసుకున్నానని అది, అది తినదని తీసుకున్నానని నేను. మాటా మాటా పెరిగి అన్నయ్యకి ఫోన్ చేశాం. ఒకపక్క సొంత చెల్లెలు, ఇంకోపక్క పెళ్ళాం చెల్లెలు. చివరికి, "ఒకళ్ళు వడ్డించండి, ఇంకొకళ్ళు ముందు పళ్ళెం ఎంచుకోండి. నన్ను మాత్రం మళ్ళీ పిలవకండి, మీకు దండం పెడతా" అన్నాడు. అప్పట్నుంచి మా గదిలో అదే చట్టం. వంట, వడ్డన నావి. ఎంపిక దానిది.

ఫైర్ సర్వీసు వాళ్ళ పరీక్షలో పరుగుంటుంది, నిచ్చెన ఎక్కడం ఉంటుంది. ఆ రెండూ మా పుల్లకి మంచినీళ్ళ ప్రాయం. మూడోదానికే గుండెల్లో రాయి పడింది. మనిషంత పొడవున కుట్టి ఇసుక నింపిన కాన్వాసు బొమ్మ. యాభై అయిదు కిలోలు. చంకల కింద చేతులేసి, వెనక్కి నడుస్తూ ఈ గీత నుంచి ఆ గీతదాకా ఈడ్చాలి. మొదటిసారి మరదలు లాగితే బొమ్మ కదల్లేదు, మరదలే కదిలింది. చేతులు జారి వెనక్కి పడింది. తప్పినవాళ్ళకి ఇంకొక్క అవకాశం ఉంటుంది. అదీ పోతే సీటు వేరేవాళ్ళకి పోతుంది, మరదలు వాళ్ళ పెదనాన్న బట్టల కొట్లో కూర్చుని జాకెట్టు ముక్కలు చింపాలి. ఆ కొట్టు పేరెత్తితేనే దాని మొహం మాడిపోతుంది.

ఆ సాయంత్రం డాబా మీద మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తే ఓదార్చి ఊరుకునేదాన్ని. ఏడవలేదు. అది నాకు కష్టంగా అనిపించింది.

"నీ కండలో ఏముందే లాగడానికి?" అన్నాను. "పొద్దున టీ, మధ్యాహ్నం బిస్కెట్లు, రాత్రికి నాలుగు మెతుకులు. లేగదూడకి ఇలా పెడితే మా మేష్టారు నన్ను క్లాసులోంచి గెంటేస్తారు."

"అయితే నన్ను మేపు" అంది, తల ఎత్తకుండానే.

నేను మేపుదామనే నిర్ణయించుకున్నాను.

మర్నాడు మా కాలేజీ దాణా గోదాముకి తీసుకెళ్ళి కాటా మీద నిలబెట్టాను. ముల్లు చూసి గోదాం కాపలాదారు, "ఇంకో తవుడు బస్తా చేత్తో పట్టుకోమనండి, అప్పుడు తూద్దాం" అన్నాడు. సరదాకి నేనూ ఎక్కాను. సరిగ్గా యాభై అయిదు. మరదలి కళ్ళు మెరిశాయి. "వదినా, బొమ్మ బరువే! నిన్ను లాగి ప్రాక్టీసు చేస్తా" అంది. ఇసుక మేడ మీదికి మోయాలంటే కింద ఇంటావిడ ఒప్పుకోదు. నేనైతే నా అంతట నేనే మెట్లెక్కుతాను. అలా నేను బొమ్మనయ్యాను. ఖాళీ దాణా సంచులు కుట్టి దుప్పటిలా చేశాను. రోజూ పొద్దున్నే దాని మీద వెల్లకిలా పడుకుంటే మరదలు నన్ను కుళాయి నుంచి మెట్లదాకా ఈడ్చేది. మొదట్లో రెండు జానలు లాగి ఆగిపోయేది. నేను ఆకాశం చూస్తూ దాన్ని తిట్టేదాన్ని.

ఇక తిండి. మా ఇద్దరి దగ్గరా డబ్బులు అంతంతమాత్రం. నాకు టైమూ లేదు. క్లాసు అయ్యాక పరుగున వచ్చి, వండి, తిని, మళ్ళీ ఇస్త్రీ కొట్టుకి పరిగెత్తాలి. అక్కడ సాయంత్రాలు నేను బట్టలు ఇస్త్రీ చేస్తాను. కాబట్టి చవగ్గా ఉండాలి, చిటికెలో అయిపోవాలి, అన్నిటికన్నా ముందు మా మహారాణి గారి నాలుకకి నచ్చాలి. ఆమ్లెట్ కాకపోతే గుడ్డు నీచు వాసనట. పప్పు చూస్తే విసుగట. మీల్‌మేకర్ నమిలితే స్పాంజి నమిలినట్టుందట.

గుడ్ల కొట్టాయన రవాణాలో పగుళ్ళిచ్చిన గుడ్లు సాయంత్రానికి సగం ధరకి ఇచ్చేస్తాడు. వాటిని అప్పటికప్పుడు వండేయాలి, అంతే. స్టీలు గిన్నె తీసుకెళ్ళి జాగ్రత్తగా పేర్చుకుని తెచ్చేదాన్ని.

"ఇన్ని గుడ్లు ఎవరికమ్మా, ఇంట్లో పహిల్వాన్ ఉన్నాడా?" అని ఆయన అడిగాడు.

"ఉంది. గాలేస్తే ఎగిరిపోయే పహిల్వాన్" అన్నాను.

ఎర్రపప్పు తొందరగా ఉడుకుతుంది. అది జారుగా ఉండగానే గుడ్లు కొట్టిపోసి గరిటె ఆపకుండా తిప్పితే కలిసిపోతాయి, గుడ్డు వేసినట్టే తెలీదు. ఉల్లిపాయలు బాగా ఎర్రగా వేయించి పైన వేసి నిమ్మకాయ పిండితే మరదలు గిన్నె అడుగు గోకి మరీ తినేది. మీల్‌మేకర్ వేడినీళ్ళలో నానబెట్టి, బట్ట పిండినట్టు గట్టిగా పిండాలి. నా చేతులు అసలే ఇస్త్రీ చేతులు, చుక్క మిగల్చవు. ఆపైన సన్నగా తరిగి మిరియాలతో వేయిస్తే స్పాంజి అన్న మాటే రాలేదు. వేయించిన శనగలు పొడి కొట్టి అరటిపండుతో పాలల్లో కలిపితే పొద్దుటి తిండి అయిపోయేది. శనగపిండి, పెరుగు, గుడ్డు కలిపి అట్టులా పోస్తే, "ఇందులో గుడ్డుందా?" అని అడిగేది. "ఎక్కడుంది, నీ మొహం" అనేదాన్ని.

చిక్కల్లా పళ్ళేల దగ్గర వచ్చింది. బలమైనదంతా దాని పళ్ళెంలో పడాలి. కానీ ఎంపిక దానిది, చట్టం అన్నయ్యది. నాలుగురోజులు గమనించాను. మరదలు ఎప్పుడూ తక్కువగా కనబడే పళ్ళెమే తీసుకుంటోంది. అంతే, చిన్న పళ్ళెంలో గుడ్లూ మీల్‌మేకరూ అడుగున దట్టంగా పరిచి, పైన పల్చగా అన్నం కప్పేదాన్ని. పెద్ద పళ్ళెంలో అన్నం గోపురంలా పోసేదాన్ని. రెండూ పెట్టేసి కుళాయి దగ్గరికి మంచినీళ్ళకి వెళ్ళేదాన్ని. వచ్చేసరికి చిన్న పళ్ళెం ముందేసుకుని బుద్ధిగా తింటూ ఉండేది. నా తెలివికి నేనే మురిసిపోయి, నా పళ్ళెంలోది గబగబా మింగి కొట్టుకి పరిగెత్తేదాన్ని. తినేటప్పుడు పళ్ళెంలోకి చూసే అలవాటు నాకు లేదు, అంత తీరికా లేదు.

వారం వారం మరదల్ని కాటా ఎక్కించాను. ముల్లు బద్ధకంగానే అయినా పైకే జరిగింది. కుళాయి నుంచి డాబా మధ్యదాకా లాగింది. తర్వాత మెట్ల దగ్గరిదాకా వచ్చింది. ఒకరోజైతే మెట్ల దగ్గర ఆపడం మర్చిపోయి నన్ను ఒక మెట్టు దింపేసింది కూడా. వీపు వాచినా నాకు కోపం రాలేదు.

ఆ మధ్యలోనే నా బట్టలు చేతుల దగ్గర బిగుతవడం మొదలైంది. ఇస్త్రీ కొట్టు యజమాని మీద ఎగిరాను, మీ ఇస్త్రీ వేడికి బట్టలన్నీ కుంచించుకుపోతున్నాయని.

"నీ బట్టలు ఇక్కడ ఎప్పుడు వేశావమ్మా?" అన్నాడాయన.

తప్పంతా మా ఇంటి సబ్బు మీదికి నెట్టాను.

పరీక్ష దగ్గరపడింది. ఇంకా సులువుగా లాగాల్సింది పోయి, మరదలు రోజురోజుకీ వెనకబడసాగింది. మెట్లదాకా వచ్చేది కాస్తా మళ్ళీ డాబా మధ్యలోనే ఆగిపోయేది. పరీక్షకి ముందటి ఆదివారం సగంలోనే నన్ను వదిలేసి చతికిలపడింది.

"నావల్ల కాదు వదినా. బట్టల కొట్టే నాకు రాసిపెట్టుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ నేను పెట్టిందంతా ఏమైందే? రోజూ తిన్నావా, కాకులకేశావా?"

"తిన్నాను" అంది నేలచూపులు చూస్తూ.

అబద్ధం చెప్పేటప్పుడు దానికి ఆ చూపే వస్తుంది. కానీ కాటా ముల్లు పైకే వెళ్తోంది కదా, అంచేత ఏమీ తేల్చుకోలేకపోయాను. నా దాణా లెక్కే తప్పిందేమో అనుకున్నాను. చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరైందని అనిపించింది. నిజం చెప్పాలంటే చదువు సంగతి కాదు నా బాధ. అది వెళ్ళిపోతే గది సగం ఖాళీ అయిపోతుందని బాధ. వచ్చిన కొత్తలో ఎప్పుడెప్పుడు పోతుందా అనుకున్న మనిషి గురించి ఇలా అనిపించడం నాకే వింతగా ఉంది.

పరీక్ష రోజు పొద్దున్న పాలల్లో శనగపొడి కలిపి ఇచ్చాను. మైదానంలో కంచె ఇవతల నేను, అవతల అది. పరుగు అయిపోయింది, నిచ్చెనా అయిపోయింది. బొమ్మ దగ్గరికి నడుస్తుంటే దాని భుజాలు జారిపోయి ఉన్నాయి. నేను కంచె తీగ పట్టుకుని, కళ్ళు మూసుకోవడం కూడా మర్చిపోయాను.

వంగింది. చంకల కింద చేతులేసింది. మేం రోజూ చేసినట్టే ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగింది.

బొమ్మ జర్రున వచ్చేసింది. ఎంత సులువుగా వచ్చిందంటే మరదలే కంగారుపడి వెనక్కి తూలింది. నిలదొక్కుకుని, ఇదేదో తప్పు బొమ్మ అన్నట్టు ఒకసారి దాని మొహంలోకి చూసి, గబగబా వెనక్కి నడిచి గీత దాటేసింది. ఆగమని చెప్పేదాకా ఆగలేదు.

పరీక్ష పెట్టే ఆఫీసరుకి అనుమానం వచ్చింది. "ఆగండి, బొమ్మలో ఇసుక కారిపోయిందేమో చూడండి" అన్నాడు. ఇద్దరు మనుషులు బొమ్మని ఎత్తి కాటా మీద వేశారు. ముల్లు ఊగి ఊగి యాభై అయిదు దగ్గర ఆగింది. ఒక్క పిసరు తేడా లేదు.

"మరి అంత తేలిగ్గా ఎలా లాగావమ్మా?" అన్నాడాయన.

మరదలు ముల్లు వంక చూసింది. కంచె ఇవతలున్న నా వంక చూసింది. నా భుజాలు, నా చేతులు, బిగుతైన నా చొక్కా, అన్నీ ఒకసారి ఎగాదిగా చూసింది. తర్వాత కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని, అడ్డొచ్చిన గేటుమనిషిని కూడా పట్టించుకోకుండా లోపలికి లాక్కెళ్ళి, "ఎక్కు వదినా" అని కాటా మీదికి నెట్టింది.

ముల్లు అరవై దాటి కాసేపు ఆలోచించి, ఇంకా పైకి వెళ్ళి ఆగింది.

"ఈవిడెవరు?" అన్నాడు ఆఫీసరు.

"నా ప్రాక్టీసు బొమ్మ సార్" అంది మరదలు.

మైదానమంతా గొల్లున నవ్వింది. వారం వారం దాన్ని కాటా ఎక్కించాను కానీ, మొదటిరోజు తర్వాత నేను ఒక్కసారీ ఎక్కలేదు. దాణా కలిపే మనిషిని ఏ గోదాములోనూ ఎవరూ తూచరు. నాకా ఆలోచనే రాలేదు.

"నాకెలా పెరిగిందే ఇంత? బలమైందంతా నీ పళ్ళెంలోనే కదా పెట్టాను!" అన్నాను, దిగకుండానే.

మరదలు మళ్ళీ నేలచూపులు చూసింది. "నువ్వు నీళ్ళకి వెళ్ళినప్పుడు రోజూ సగం తీసి నీ అన్నం కింద కప్పేశాను. ఇస్త్రీ పెట్టె పట్టుకుని సాయంత్రమంతా నిలబడేదానివి. వచ్చాక గ్లాసు పట్టుకుంటే నీ చెయ్యి వణికేది. నీకు చెప్తే తింటావా? నన్ను నాలుగు తిట్టి అదీ నా పళ్ళెంలోనే పోసేదానివి."

నిజమే, అలాగే చేసేదాన్ని. నోరు తెరిచి గట్టిగా తిడదామనుకున్నాను. ఏడుపొచ్చింది. అంతమంది ముందు, కాటా మీద నిలబడి, వెక్కి వెక్కి ఏడ్చాను. చెయ్యి వణకడం మానేసి ఎన్నాళ్ళయిందో నేను చూసుకోనేలేదు. ఇంట్లో ఒక మనిషి మాత్రం చూసింది.

ఆఫీసరు కాగితం మీద టిక్కు పెట్టి, "ఆవిణ్ణి కాస్త కిందికి దింపండి, తర్వాతివాళ్ళు ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

ఆ సాయంత్రం నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మొదటిసారి మరదలే వండింది. ఉల్లిపాయలు కొంచెం మాడ్చింది. రెండు పళ్ళేలు తెచ్చి నా ముందు పెట్టి, "ఈ పూట ఎంపిక నీది" అంది. నేను గరిటె తీసుకుని రెండింటి అడుగూ తవ్వి చూశాను. అడుగున అన్నమే ఉంది. గుడ్లు రెండింటిలోనూ పైనే ఉన్నాయి, చెరిసగం.