జంట ఊళ్ల ఈత

సముద్రం ఒడ్డున ఉన్న మా థార్న్‌సీ ఊరికి జర్మనీలో ఆల్ట్‌బ్రూక్ అని ఒక జంట ఊరుంది. ఒక ఏడాది మేము వాళ్ల ఇళ్లకు వెళ్తాం, మరుసటి ఏడాది వాళ్లు మా ఇళ్లకు వస్తారు. జంట ఊళ్ల సంఘానికి నేను కార్యదర్శిని. అంటే కుర్చీలు సర్దేది నేనే.

కిందటేడు అక్కడి విందులో, తన ఇంట్లో నాకు ఆతిథ్యమిచ్చిన ఫోల్క్‌మార్ తానెక్కిన కొండల గురించి చెప్పుకుంటూ పోయాడు. మూడో గ్లాసు బీరు దిగేసరికి నాకూ రోషం వచ్చింది.

"నేను మాత్రం రోజూ పొద్దున్నే సముద్రంలో ఈదుతానండీ. మంచు పడ్డా మానను" అనేశాను.

సముద్రం పక్కనే పుట్టి పెరిగిన నాకు ఈత రాదు. మోకాళ్లు తడిసేదాకా దిగడమే నా సాహసం.

ఈ ఏప్రిల్‌లో ఫోల్క్‌మార్ మా ఇంట్లో దిగాడు. పెట్టె తెరిచి ముందుగా రెండు తువ్వాళ్లు తీశాడు. రెండు ఊళ్ల పేర్లూ కుట్టించి తెచ్చాడు, ఒకటి నాకు.

"రేపు మీతో పాటే నేనూ వస్తాను" అన్నాడు.

మర్నాడు అలలు బాగాలేవన్నాను. ఆ మర్నాడు జెల్లీచేపలున్నాయన్నాను. ఆ తర్వాతి రోజు టోస్టుకు వెన్న రాస్తూ నా భార్య బెరిల్ అంది: "పాపం, ఆయన కోసం నీ ఈత ఎన్నాళ్లు మానుకుంటావు డెస్మండ్? వెళ్లు." ముఖంలో నవ్వు ఛాయ కూడా లేదు. అదీ ఆమె ప్రతిభ.

సంఘం వాళ్లకు కబురు పంపిందెవరో వేరే చెప్పాలా? మేం వెళ్లేసరికి అంతా ఒడ్డున టీ ఫ్లాస్కులతో కూర్చున్నారు. అధ్యక్షురాలు హెన్షా గారు కెమెరాతో సహా సిద్ధం.

మంచులాంటి నీళ్లు నడుముదాకా వచ్చాయి. అంతలో ఒక అల వచ్చి ఇద్దరినీ గుద్దింది. ఫోల్క్‌మార్ నా మెడ పట్టుకున్నాడు, నేను అతని నడుము వాటేసుకున్నాను. మర్యాదలన్నీ ఆ అలలోనే కొట్టుకుపోయాయి.

"వదలకు! నాకు ఈత రాదు!" అని అరిచాను.

"నాకూ అంతంత మాత్రమే! నీ మాటలు విని చలికాలమంతా ఊళ్లో ఈత కొలనుకు పోయి నేర్చుకున్నాను. అక్కడ నీళ్లు వెచ్చగా ఉంటాయి!"

"మరి రానని చెప్పొచ్చుగా?"

"రెండ్రోజులు నువ్వు ఏదో ఒక సాకు చెబుతుంటే ప్రాణం ఎంత హాయిగా ఉందో! ఇవాళ కూడా ఒకటి చెప్పి చావలేకపోయావా?"

ఒడ్డున చప్పట్లు మోగాయి. ఒకరినొకరు ఈడ్చుకుంటూ బయటపడ్డాం.

'కౌగిట్లో రెండు ఊళ్లు' అని మా ఊరి పత్రికలో ఆ ఫోటో వేశారు. ఇకమీదట వాళ్లొచ్చినప్పుడల్లా స్నేహ ఈత జరగాలని, దానికి నేనే ముందుండాలని హెన్షా గారు తీర్మానం పెట్టారు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. కార్యదర్శిని కదా, నా చేతులతోనే రాసుకున్నాను.

ఇప్పుడు మంగళవారాలు ఊరి ఈత కొలనులో చిన్నపిల్లల తరగతిలో ఉంటున్నాను. బెరిల్ గట్టు మీద కూర్చుని "కాళ్లు, డెస్మండ్, కాళ్లు!" అని అరుస్తుంది. నిన్న సగం దూరం వెళ్లగలిగాను. పక్కన ఈదుతున్న ఒక పాప నన్ను దాటిపోయి, వెనక్కి చూసి, జాలిపడి ఆగింది.