బడి మలుపు తీర్మానం

హిమాయత్‌నగర్ మహిళా సంఘంలో సంతకాలు ముందు, రాత తర్వాత. ఎప్పటినుంచో అంతే. పొద్దున ఎనిమిది గంటల షేర్ ఆటో అందకపోతే ఆ రోజు పని పోయినట్టే కాబట్టి, ఆడవాళ్లు తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ అడుగున వరసగా పేర్లు రాసి వెళ్లిపోయేవారు. పైన ఏం రాయాలో నోటితో చెప్పేవారు. దాన్ని పూర్ణిమ తీరుబడిగా, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసేది. డిగ్రీ చదివిన కోడలు సంఘానికి దొరకడం అదృష్టమని అందరూ అనుకునేవారు. పూర్ణిమ కూడా అనుకునేది.

చేవెళ్ల రోడ్డు వెడల్పు పని వచ్చింది. నడుమ డివైడర్ కడితే జనం ఎక్కడ దాటాలి, బస్సు ఎక్కడ ఆగాలి, ఆటోలు ఎక్కడ నిలవాలి అన్నది ఊరే చెప్పాలని అధికారులు పంచాయతీకి వచ్చి అడిగారు. రోజూ దాటేది ఎక్కువగా ఆడవాళ్లే కనుక మహిళా సంఘం తీర్మానం కూడా కావాలన్నారు.

మర్నాడు పొద్దున్నే సంఘం కూర్చుంది. ఎక్కువగా మాట్లాడింది కౌసల్యమ్మ. రోడ్డవతల తోటల్లో ఇరవై ఏళ్లుగా బంతిపూలు, చామంతులు కోస్తున్న మనిషి. దాటే దారి బడి మలుపు దగ్గరే కావాలంది. ఆటోలు ఆగేది అక్కడ, పిల్లలు దాటేది అక్కడ. పోయినేడు లారీ కింద పడబోయి, పూలగంప ఒక్కటే పోగొట్టుకుని తాను బతికి బయటపడిందీ అక్కడే. ఆ గంప కథ చెప్పి అందరినీ నవ్వించి, పేజీ అడుగున తన పేరులోని నాలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ రాసింది. వేలిముద్ర మాన్పించి ఆమెకు ఆ నాలుగు అక్షరాలు నేర్పింది పూర్ణిమే.

మధ్యాహ్నం పూర్ణిమ రాయడానికి కూర్చుంటే భర్త రాకేష్ వచ్చి పక్కన నిలబడ్డాడు. రోడ్డు పక్కనున్న తమ పొలంలో ఫంక్షన్ హాలు కట్టాలని అతని ఆలోచన. డివైడర్‌లో సందు తమ గేటు ఎదురుగా లేకపోతే వచ్చే బండ్లన్నీ ఎంతో దూరం పోయి తిరిగి రావాలి.

"బడికీ మన గేటుకూ ఎంత దూరమని? అర కిలోమీటర్. రోజూ నడిచే కాళ్లే గదా వాళ్లయి."

ఆ చివరి మాట పూర్ణిమకు ముల్లులా గుచ్చుకుంది. అతను బలవంతం చేయలేదు, టీ తాగి వెళ్లిపోయాడు. 'ప్రజల సౌకర్యార్థం' అని మొదలుపెట్టిన చెయ్యి, బడి మలుపు అని రావలసిన చోట తమ పొలం సర్వే నంబరు వేసింది. నంబరైతే విన్నా ఎవరికీ వెంటనే తట్టదు. అంతవరకూ ఆలోచించే రాశానని ఆ రోజు తనకు తాను కూడా ఒప్పుకోలేదు. అక్షరాలు ఎంత కుదురుగా వచ్చాయో చూసుకుని పుస్తకం మూసింది.

నెల తర్వాత అధికారులు మళ్లీ వచ్చారు. ఆడవాళ్లు పనికి పోవాలని పొద్దున ఏడింటికే మీటింగు పెట్టారు. పంచాయతీ హాల్లో రెండు బల్లలు కలిపి పొడవాటి మ్యాపు పరిచారు. ఇంత స్పష్టంగా రాసిచ్చిన సంఘాన్ని తాను చూడలేదని ఇంజనీరు మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కౌసల్యమ్మ పూర్ణిమ వీపు తట్టింది.

కౌసల్యమ్మ కోడలు సమత మ్యాపు దగ్గరికి వెళ్లింది. ఇంటర్ చదివిన పిల్ల. దాటే దారికి గుర్తుగా పెట్టిన ఎర్రచుక్క మీద వేలు పెట్టి చూసింది.

"సార్, బడి ఇక్కడ గదా. చుక్క గక్కడెందుకున్నది?"

ఇంజనీరు తీర్మానం తీసి చూపించాడు. ఆ సర్వే నంబరు మీరు ఇచ్చిందే, కింద సంతకాలూ మీవే అన్నాడు. వెనక నుంచి వార్డు మెంబరు బాల్‌రాజ్ నవ్వాడు.

"ఖాళీ కాయితం మీద సంతకం పెడితే గట్లనే ఉంటది అవ్వా. రేపు నీ ఇల్లు గూడ రాసుకుంటరు."

కౌసల్యమ్మకు ఆ నవ్వు నచ్చలేదు. తన నాలుగు అక్షరాల మీద వేలు ఆనించింది.

"సంతకం నాదే సారు. మా పూర్ణిమమ్మ తప్పు రాయది. మాకే చెప్పరాలేదు గావొచ్చు."

పూర్ణిమ ముఖం భగ్గుమంది. నంబరు తారుమారైందంటే చాలు, అందరూ నమ్ముతారు. నమ్మడానికి ఆ ముసలామె ముందే చోటు చేసిపెట్టింది. ఆ మాట నాలుక చివర సిద్ధంగా కూడా ఉంది. వెనక వరసలో రాకేష్ తలెత్తకుండా ఫోను చూసుకుంటున్నాడు. కౌసల్యమ్మ వేలు ఇంకా ఆ సంతకం మీదే ఉంది.

"వాళ్లు మంచిగనే చెప్పిన్రు సార్," అంది పూర్ణిమ. "బడి మలుపన్నరు. నేనే మార్చి రాసిన. ఆ నంబరు మా పొలానిది."

ఎవరూ తిట్టలేదు. రాకేష్ లేచి బయటికి వెళ్లి, చెప్పులేసుకుని పోయాడు. బాల్‌రాజ్ ఈసారి నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆమెకు. ఇంజనీరు గొంతు సవరించుకుని, ఇప్పుడే కొత్త తీర్మానం ఇస్తే చుక్క మారుస్తానన్నాడు.

పూర్ణిమ పుస్తకంలో కొత్త పేజీ తీసింది. అలవాటు కొద్దీ ఇద్దరు పెన్ను కోసం చేతులు చాచారు. కౌసల్యమ్మ ఆ చేతులను మెల్లగా కిందికి దించింది.

"ముందుగాల రాయనియ్యుండ్రి."

సంఘం ఆడవాళ్లు పన్నెండు మందీ చుట్టూ నేల మీద కూర్చున్నారు. బయట ఎనిమిది గంటల ఆటో హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. ఒక్కరూ లేవలేదు. పూర్ణిమ రాసింది. ఎన్నడూ లేనిది రెండు కొట్టివేతలు పడ్డాయి. రాసింది పైకి చదివింది. 'బడి మలుపు' ఉన్న వాక్యం రెండుసార్లు చదివింది.

కౌసల్యమ్మ తలూపి, పెన్ను అందుకోబోయి ఆగింది. ఆమె ముఖంలో కోపం లేదు. పెద్దింటి కోడలితో అనరాని మాట అంటున్నట్టు జంకు మాత్రం ఉంది.

"ఏమనుకోకు బిడ్డా. జర ఒకసారి సమతతోని గూడ చదివిస్త."

పూర్ణిమ పుస్తకాన్ని అక్షరాలు సమత వైపు ఉండేలా తిప్పి, రెండు చేతులతో అందించింది.