లేని ఊరి పొలిమేర

అమెరికాలో నేనూ బాలమురళీ ఒకే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాం. మార్విన్ కౌంటీ అనే గోధుమ పొలాల ప్రాంతం, దాని చరిత్ర మా ఇద్దరి అంశం. ఎండలో వాగులూ శ్మశానాలూ తిరిగి పటం గీసింది నేను. చూసి ఇస్తానని తీసుకెళ్ళి తన పేరుతో పుస్తకంలో వేసుకున్నది అతను. నిలదీస్తే, "నీదని రుజువేంటి కాత్యాయనీ?" అన్నాడు. ఆ మాట నాకింతవరకూ అరగలేదు.

రుజువుంది. కాపీ కొట్టేవాణ్ణి పట్టుకోవడానికి పటం గీసేవాళ్ళు అందులో ఎక్కడో ఒక అబద్ధం కలుపుతారు. రెండు వాగులు కలిసేచోట నేను ఎల్డన్ అనే ఊరు పెట్టాను. అక్కడ ఊరు కాదు కదా, పశువుల కొట్టమైనా లేదు. అప్పుడే చెబితే చిన్న పొరపాటని దులిపేసుకునేవాడు. నలుగురిలో చెప్పాలని కడుపులో దాచుకున్నాను.

నేనిప్పుడు ఆస్ట్రేలియాలో ఉంటున్నాను. పోయిన నెల కాన్‌బెర్రాలో, మా హారిసన్ పేట కమ్యూనిటీ హాల్లో మన తెలుగువాళ్ళు ఆ పుస్తకానికి అతనికి సన్మానం పెట్టారు. ప్రసంగం అయ్యాక చెయ్యెత్తాను. నన్ను చూసి తడబడ్డాడు. నేను నవ్వేసరికి రాజీకొచ్చాననుకున్నాడు.

"బాలమురళి గారూ, ఎల్డన్ గురించి చెప్పండి."

"గుడ్ క్వశ్చన్. రైల్వే లైన్ పక్కూరికి పోయింది, దాంతో ఎల్డన్ ఖాళీ అయిపోయింది. చర్చి మాత్రం మిగిలింది. ఆ సమ్మరంతా నేనక్కడే ఉన్నా, దాని మెట్ల మీదే నోట్స్ రాసుకున్నా."

ఇంకాస్త లోతుకి తవ్వుకోనిద్దామనిపించింది. "గంట ఉండేదా?"

"ఉంది. నేను మోగించాను కూడా."

చప్పట్లు కొట్టారు. అవి ఆగేదాకా ఓపిక పట్టాను.

"ఊరే లేదంటే పొలిమేరెక్కడ అంటారు, నువ్వు గంట కూడా మోగించావా? ఆ ఊరు నేను దొంగ కోసం పెట్టింది. అందరూ ఫోన్లలో చూసుకోండి."

చూశారు. గోధుమ చేను తప్ప ఏమీ లేదు.

"ఏదో చిన్న మిస్టేక్... తర్వాత మాట్లాడుకుందాం కాత్యాయనీ," అన్నాడు.

ముందు వరసలోంచి అతని భార్య శ్యామసుందరి లేచింది. "ఫీల్డ్‌వర్క్ అని ఆ సమ్మర్లో నా డెలివరీక్కూడా రాలేదు కదండీ. మరి ఎక్కడున్నారు?"

నేను వెళ్ళింది నా పటం నాదనిపించుకోవడానికి. ఇది నేను కోరుకోలేదు. అయినా జాలి రాలేదు. అతను ఆవిడకి చెప్పే జవాబు సరిగ్గా వినబడాలని ముందు వరసకి వెళ్ళి కూర్చున్నాను.