నవరాత్రి కేసెట్

బజ్జీలకు అరటికాయలు తరుగుతున్నా ప్రమోద చెవులు ఫ్యామిలీ రూమ్‌లోనే ఉన్నాయి. అక్కడ టీవీలో పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా నడుస్తోంది. ఎవరో పేరున్న ఒపెరా గాయకుడి జీవితకథ. మొన్న టీవీలో వస్తే రికార్డ్ చేసి, ఇవాళ స్నేహితుడు దామోదర్‌ని పిలిచి మరీ చూపిస్తున్నాడు భర్త వాసుదేవరావు. ఆయన సర్జన్. ఇంటికొస్తే న్యూస్ తప్ప చూడడు. ఉన్నట్టుండి ఒపెరా మీద ఈ మోజేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

"ఆవిడని చూడు ప్రమోదా!" తెర మీద బాల్కనీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న గాయకుడి భార్యను చూపించాడు. "మొగుడి పాటే తన పాట అనుకుంది. సంసారమంటే అదీ."

"ఆయన పాడుతుంటే ఇంట్లో వంటెవరు చేశారండీ?"

దామోదర్ నవ్వాడు. "ఈ సినిమాల్లో ఎవరికీ ఆకలెయ్యదు వదినగారూ."

ప్రమోద నవ్వలేదు. పోయిన వారం స్నేహితురాలు మీనాక్షి ఫోన్ చేసింది. కొత్త గుడి ప్రారంభానికి ప్రమోదకి అరగంట కచేరీకి అవకాశమిస్తారట, కమిటీ వాళ్ళు ముందొకసారి వింటారట, నవరాత్రికి పాడిన వీడియో పంపమంది. భర్తకి చెబితే, "శనివారాలన్నీ ప్రాక్టీస్ అంటావు, మా హాస్పిటల్ వాళ్ళు భోజనానికొస్తే ఎవరు వండుతారు? నీ గొంతు ఇంట్లో పూజకి బాగానే ఉంటుందిలే" అన్నాడాయన. మర్నాడు కాఫీ తాగుతూ, "సరే, పంపుకో" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఆమెకు అనుమానం కలిగించింది. దేవుడి అరలో పెట్టిన ఆ వీడియో కేసెట్ కోసం చూస్తే లేదు. అడిగితే, "ఎక్కడో ఉంటుందిలే" అన్నాడు, పేపర్ లోంచి తలెత్తకుండా.

సినిమా అయిపోయింది. వాసుదేవరావు గబగబా రిమోట్ కోసం తడుముకున్నాడు. ఈలోగా తెర మీద చుక్కలు చుక్కలుగా వచ్చి, బొమ్మల కొలువు ముందు పట్టుచీరలో ప్రమోద కనిపించింది. మంగళహారతి చివరి చరణం పాడుతోంది. అంతే. మిగతా పాటలన్నీ సినిమా కింద చెరిగిపోయాయి.

"అరె! ఈ కేసెట్టా పెట్టాను? చూసుకోనేలేదు, పొరపాటైపోయింది."

ప్రమోద చేతులు తుడుచుకుని వచ్చి కేసెట్ బయటికి తీసింది. ఆ వీడియో తీసి ఇచ్చింది దామోదరే. "అంచున ఈ ప్లాస్టిక్ ముక్క విరిచేశాను వదినగారూ, ఈ సందు మూస్తే తప్ప ఇక దీని మీద ఏదీ రికార్డ్ కాదు" అని అప్పుడే చెప్పాడు. ఇప్పుడా సందు మీద తెల్లటి సర్జికల్ టేపు ఉంది. కొలిచి కత్తిరించి, గాయానికి వేసినంత శ్రద్ధగా అతికించి ఉంది.

దామోదర్ కూడా చూశాడు. తలదించుకున్నాడు.

ప్రమోద మనసులోనే అమ్మవారిని అడిగింది. భర్త మాట దాటకూడదన్నారు, సరే. ఇది కూడా ఆ మాటల్లోకే వస్తుందా తల్లీ? నీ ముందు పాడింది ఇక్కడ చెరిపేస్తే, నువ్వు విన్నది కూడా చెరిగిపోతుందా?

ఆమె స్టవ్ ఆపి, గోడకున్న ఫోన్ అందుకుంది.

"మీనాక్షీ, కేసెట్ పాడైంది. శనివారం నేనే డ్రైవ్ చేసుకుని వస్తాను. కమిటీ వాళ్ళని కూర్చోబెట్టు, ఎదురుగానే పాడతాను."

"శనివారమా?" వాసుదేవరావు లేచాడు. "మావాళ్ళు డిన్నర్‌కి వస్తున్నారు కదా!"

ప్రమోద గోటితో సర్జికల్ టేపు ఊడదీసింది. ఆ చివరి చరణాన్నయినా ఇక ఎవరూ చెరపకుండా. కేసెట్ ఆయన చేతిలో పెట్టింది.

"రానివ్వండి. ఈ సినిమా చూపించండి. ఇందులో ఎవరికీ ఆకలెయ్యదట."