క్రీస్తురాజు ముట్టని రొట్టె

నెలలో మొదటి ఆదివారం మా మందిరంలో ప్రభు బల్ల, యేసు మరణాన్ని తలచుకుని రొట్టె తీసుకునే ఆరాధన. రొట్టె ముక్కల పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య తిరిగేది సంఘపెద్ద క్రీస్తురాజు. తాగుబోతుల దగ్గరా, మొగుణ్ణి వదిలేసినామె దగ్గరా ఆయన పళ్ళెం ఆగేది కాదు. పాపి చెయ్యి పడితే రొట్టె అపవిత్రమవుతుందనేవాడు. పెద్ద నీతిమంతుడు మరి.

ఆ నీతిమంతుడే తన రొయ్యల గుంట చుట్టూ దొంగలకు భయపడి కరెంటు తీగ లాగాడు. తెల్లవారకముందే పీతలు పట్టడానికి వెళ్లిన మా సంఘం కుర్రాడు రవి కుమార్ దానికి తగిలి చనిపోయాడు. క్రీస్తురాజు తీగ చుట్టేసి, శవాన్ని కాలవ గట్టున పడుకోబెట్టి, పాము కరిచిందని ఊరంతా నమ్మించాడు. సమాధి దగ్గర ప్రార్థన కూడా తానే చేశాడు. తల్లి ఆనందకుమారి ఆయన చేతులు పట్టుకునే ఏడ్చింది.

ఆ తర్వాత ఆయన మందిరానికి రేకులు తీయించి స్లాబు వేయించాడు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ ఉపవాసమున్నాడు. మనిషి పుల్లలా ఎండిపోయాడు. మిగతావాళ్లకు పళ్ళెం పట్టేవాడు, తాను మాత్రం ముక్క ముట్టేవాడు కాదు. మేమేమో అదీ భక్తే అనుకున్నాం. మా తెలివి అలా ఏడిచింది.

మొన్నటి బల్లనాడు పళ్ళెంతో ఆనందకుమారి ఎదుటికి వచ్చేసరికి ఆయన అక్కడే ఆగిపోయాడు.

"నీ కొడుకును చంపింది పాము కాదమ్మా. నా కరెంటు తీగ. ఈ స్లాబూ, ఉపవాసాలూ అంతా ఆ పాపం కడుక్కోవాలనే చేసినాను. పోలేదు. ఇప్పుడు స్టేషనుకు పోతా ఉండా."

పాస్టరు గారు లేచి వచ్చేలోపే ఆమె పళ్ళెం లాక్కుంది. నెత్తిన మోదుతుందనుకున్నాను. మోదాలనీ, వాడక్కడే చావాలనీ కోరుకున్నాను.

ఆమె మోదలేదు. పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి ఆయన ముందుకు చెయ్యి చాచింది.

"ఇది నా ఇంటి కూడైతే కుక్కకేస్తా గానీ నీకు పెట్టను. నేను నిన్ను క్షమించలా. ఇది యేసయ్య బల్ల. నీలాంటోళ్ల కోసమే చచ్చినాడంట గదా. తీసుకో."

"నాకు అర్హత లేదమ్మా."

"ఎవురికుంది?"

ఆయన మోకాళ్ల మీద పడి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. న్యాయమైతే అది గొంతుకు అడ్డం పడాలి. పడలేదు.

పాస్టరు గారు ఆమెకూ ఒక ముక్క ఇవ్వబోయారు. "నాకింకా చేతగాదయ్యా," అని ఆమె వెళ్లి తన చోట కూర్చుంది. క్రీస్తురాజు స్టేషనుకు పోవడానికి చిల్లకూరు ఆటో ఎక్కాడు; ఎక్కేదాకా తలెత్తలేదు.

మిగిలినవాళ్లకు పాస్టరు గారే పళ్ళెం పట్టారు. నేను ఒక మనిషి చావు కోరుకుని ఇంకా పది నిమిషాలైనా కాలేదు. అయినా నా దగ్గరా పళ్ళెం ఆగింది.