తొమ్మిది మందిలో ఒకడు

పీర్ సాహెబ్‌కు స్పృహ లేదు. ఎడమ కాలు మోకాలి కింద నుజ్జునుజ్జయింది. గట్టు విరిగి మీదపడ్డ బండల కిందనుంచి అతన్ని అప్పుడే బయటికి లాగి, గని ఒడ్డున గోనెపట్టా మీద పడుకోబెట్టారు. మేస్త్రీ వంగి అతని బొటనవేలికి సిరా పూసి ఒక కాగితం మీద అదమడం తిరుపాలమ్మ కళ్లారా చూసింది.

"ఏందప్పా అది?"

"ఆస్పత్రి కాగితం. నీకెందుకు? పోయి పని చూసుకో."

అది ఏ కాగితమో మూడో రోజుకు తెలిసింది. పీర్ సాహెబ్ తన ఇంటి మిద్దె మీదినుంచి జారిపడ్డాడట. గనికీ ఆ కాలికీ సంబంధం లేదట. ఆ సరికే ప్రొద్దుటూరు ఆస్పత్రిలో కాలు తీసేశారు.

తిరుపాలమ్మ పదహారేళ్లుగా జమ్మలమడుగు నాపరాతి గనుల్లో బండలు మోస్తోంది. భర్త గనికి ఎన్నడూ రాలేదు. పులివెందుల వైపు ఒక నాయకుడి దగ్గర బాంబుల సంచి మోసేవాడు. ఎలక్షన్ల ముందు రెండు వర్గాలూ రాజీపడ్డాయి. అవతలివాళ్లు ఒక తల అడిగితే, ఇవతలి నాయకుడు తిరుపాలమ్మ భర్తను చూపించాడు. అప్పటినుంచి ఆమె ఎవరి మాటనూ పూర్తిగా నమ్మదు.

గని కూలీల సంఘాన్ని నడిపేది ఇద్దరు. గనిలో ఉలిపని చేసే ఓబులయ్య ఒకడు. కువైట్ నుంచి తిరిగొచ్చి బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేరిన హబీబుల్లా రెండోవాడు. ఇద్దరిదీ ఒకే ఎర్రజెండా. కానీ కలిసి టీ తాగడానికి కూర్చుంటే వాదన మొదలయ్యేది.

"మనిషి పుట్టుకతో చెడ్డోడు గాదు హబీబూ. ఆకలీ బయమూ వాని బుద్ధి మారుస్తాయి. ఆ రెండూ తీసెయ్, వాడే నిటారుగా నిలబడ్తాడు" అనేవాడు ఓబులయ్య.

"కువైట్‌లో నా పక్క మంచం మీద పండుకునేటోడు నామింద సేటుకు చాడీలు చెప్పి నన్ను ఇంటికి పంపించినాడు. వానికేం ఆకలి ఉండె? మనిషిలో స్వార్థం ఉండాది అన్నా. ఉండాదని ఒప్పుకోని కాపలా పెట్టుకుంటేనే మన సోషలిజం నిలబడేది" అనేవాడు హబీబుల్లా.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. 'ఫలానా నాయకుని మనిషి' అనే మాట చెవినబడితే ఇద్దరికీ ఒళ్లు మండేది. ఏ మనిషీ ఇంకొకడి మనిషిగా పుట్టడని ఇద్దరూ అనేవారు.

పీర్ సాహెబ్ కాలు పోయిన వారానికి, మూతబడ్డ పాలిష్ షెడ్డులో తిరుపాలమ్మతో కలిపి తొమ్మిది మంది సంఘం కమిటీవాళ్లు తలుపులేసుకుని కూర్చున్నారు. సోమవారం తెల్లవారుజామున బండల లారీలను ఆపాలని అనుకున్నారు. లారీలు ఆదివారమే వెళ్లిపోయాయి. సోమవారం ఆ చోట గని కాంట్రాక్టరు మనుషులు కట్టెలు పట్టుకుని కాచుకుని ఉన్నారు. కమిటీలోని వెంకటేశు తల పగిలింది.

తొమ్మిది మందిలో ఒకడు చెప్పాడు. ఎవడు?

ఆ తర్వాత పదిరోజులు గనిలో ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడలేదు. ఒకరు బీడీ ఇస్తే ఇంకొకరు తీసుకోలేదు. తిరుపాలమ్మ కూడా ఒక్కొక్క ముఖాన్నీ తూచింది. ఓబులయ్యనూ అనుమానించింది. రాత్రి పడుకున్నాక, హబీబుల్లా కువైట్ కథ నిజమేనా అనుకుంది.

మళ్లీ షెడ్డులో కూర్చున్నప్పుడు, తలకు కట్టుతో వెంకటేశే మొదలుపెట్టాడు.

"గని మేనేజరు జీపు ఖమర్‌బీ ఇంటికాడ నిలబడింది. నా కండ్లతో చూసినా."

ఖమర్‌బీ పీర్ సాహెబ్ భార్య, కమిటీలో ఆమె కూడా ఉంది. ఆమె గొంతు పెంచలేదు.

"నిలబడింది. కేసు పెట్టొద్దని చెప్పేదానికి వచ్చినాడు. నా మొగుని కాలు నేనే గుడ్డలో చుట్టుకోని బస్సులో తెచ్చుకున్నా. మా అన్నతో పోయి కబరస్తాన్‌లో పూడ్పించినా. దాన్ని నేను అమ్ముకుంటానా వెంకటేశూ?"

వెంకటేశు తల దించుకున్నాడు. అప్పుడు తలుపు పక్కనుంచి చిన్నసుబ్బయ్య లేచాడు.

"ఆయమ్మను అనద్దండప్పా. చెప్పింది నేనే."

చిన్నసుబ్బయ్య గొర్రెలు మేపుకుంటూ, కరువులో గొర్రెలు పోతే గనికొచ్చిన మనిషి. నిరుడు అతని భార్యను పాము కరిస్తే కాంట్రాక్టరు జీపు ఇచ్చి పంపాడు. ఆమె బతికింది. "మేస్త్రీ వచ్చి, ఆ పొద్దు నీ పెండ్లాము జీపెక్కినప్పుడు మా కాంట్రాక్టరు నిన్నేమన్నా అడిగినాడా అన్యాడు. నా నోరు ఆగలేదు" అన్నాడు.

వెంకటేశు గడ్డపార అందుకున్నాడు. ఇద్దరు అతని చెయ్యి పట్టుకున్నారు.

"చూసినావా అన్నా నీ మంచి మనిషిని!" అన్నాడు హబీబుల్లా.

"వాన్ని గాదు, ఆ జీపును చూడు! ఊర్లో జీపులుండేది కాంట్రాక్టరుకొక్కనికే. మనకే ఒక బండి ఉంటే వీడు ఎవనికి మొక్కేటోడు?" అన్నాడు ఓబులయ్య.

"పగిలింది నా తలప్పా!" అని అరిచాడు వెంకటేశు.

తిరుపాలమ్మకు భర్త గుర్తొచ్చాడు. అతనూ ఏదో ఒక మేలుకు కట్టుబడే ఆ సంచి ఎత్తుకున్నాడు. ఆమెకు చిన్నసుబ్బయ్య మీద జాలి కలగలేదు. కానీ ఆ గడ్డపార ఎక్కడిదాకా పోతుందో ఆమెకు తెలుసు.

"గడ్డపార కింద పెట్టు" అంది. "వాడు మంచోడో చెడ్డోడో నాకు తెలీదు. రేపు నేనేం జేస్తానో నాకే తెలీదు. అన్నా, మీ ఇద్దరికీ చెప్తాండా, తొమ్మిది మంది తలుపేసుకోని మాట్లాడితే అమ్ముకునేదానికి ఒక మాట ఉంటాది. నాలుగు నూర్ల మందికి మైకులో చెప్పండి. ఎవడు ఏం అమ్ముకుంటాడో చూస్తాం."

"తారీఖు చెప్తే పోలీసులొస్తారు తిరుపాలక్కా" అన్నాడు హబీబుల్లా.

"రానీ. పోయినతూరి చెప్పకున్నా కట్టెలొచ్చినాయి గదా."

చేతులెత్తించారు. వెంకటేశు చెయ్యి అన్నిటికన్నా ఆలస్యంగా లేచింది. చిన్నసుబ్బయ్యను కమిటీలోంచి తీసెయ్యాలని హబీబుల్లా పట్టుబట్టాడు, తీసేశారు. సంఘంలోంచి తియ్యకూడదని ఓబులయ్య పట్టుబట్టాడు, ఉంచారు.

మూడు రోజులు మైకు కట్టిన ఆటో గనిగనికీ తిరిగింది. గురువారం, ఉదయం ఏడింటికి, ప్రొద్దుటూరు రోడ్డు మీద. పీర్ సాహెబ్ వేలిముద్ర కాగితాన్ని అందరి ముందర చించాలి. ప్రమాదం గనిలోనే జరిగిందని కాంట్రాక్టరు రాసివ్వాలి. విరిగే గట్టు కింద ఎవరినీ దించకూడదు.

నాలుగు వందల మంది వస్తారనుకుంటే ఇంకా ఎక్కువే వచ్చారు. పాలిష్ ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. కాంట్రాక్టరు జీపులు దూరంగా నిలబడి చూసి తిరిగిపోయాయి. ఎండెక్కాక పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై కాగితం తీసి పేర్లు చదివాడు. ఓబులయ్య, హబీబుల్లా, వెంకటేశు, ఖమర్‌బీ, తిరుపాలమ్మ, ఇంకా ముగ్గురు. మొత్తం ఎనిమిది పేర్లు. ఆ ఎనిమిది మందినీ వ్యాను ఎక్కించారు. చిన్నసుబ్బయ్య పేరు లేదు.

గుంపులో గుసగుస లేచింది. చిన్నసుబ్బయ్య జనంలోంచి నడుచుకుంటూ వచ్చి వ్యాను మెట్టు మీద కాలు పెట్టాడు.

"నీ పేరు లేదు, దిగు" అన్నాడు ఎస్సై.

"అయితే రాసుకో సార్."

ఓబులయ్య హబీబుల్లా వైపు చూశాడు. "చూసినావా? మారినాడు."

"పేరెందుకు లేదో అది గూడా అడగన్నా" అన్నాడు హబీబుల్లా.

తిరుపాలమ్మ కొంచెం జరిగి, ఎదుటి బల్ల చూపించింది. "ఆడ కూచో. నా కండ్లకు ఎదురుగా ఉండు."

చిన్నసుబ్బయ్య కూర్చున్నాడు. అతను ఎక్కింది భయంతోనో, పశ్చాత్తాపంతోనో, ఇంకొకరు పంపితేనో ఆమె తేల్చుకోలేకపోయింది. తేలేదాకా చూస్తూనే ఉంటానని అనుకుంది.

వ్యాను స్టార్టయింది గానీ కదల్లేదు. ముందు రోడ్డు నిండా ఆడవాళ్లు కూర్చున్నారు. ఆటోలోని మైకు ఎవరి చేతికో చిక్కింది. అంతవరకూ ఏ మీటింగులోనూ నోరు విప్పని యల్లమ్మ గొంతు అది. గరగరమని, తడబడుతూ, ఎస్సై చెవిలోనూ మోగింది.

"రేపు పొద్దున ఏడు గంటలకు… ఇదే రోడ్డు… అందరూ రాండి. పోలీసోళ్లు గూడా రాసుకోండప్పా, తారీఖు మర్చిపోతారు!"