పండగ సెలవు కాగితం

కొత్త పే స్కేళ్ళు వచ్చిన రోజున ఆశ్రమ పాఠశాల స్టాఫ్ రూములో పంచిన రవ్వకేసరి వండింది కనకే. అరకులోయకి ఆరు మైళ్ళ అవతల ఉన్న ఆ గిరిజన ఆడపిల్లల బడిలో రెండువందల మందికి పదకొండేళ్ళుగా వండి వారుస్తున్నది ఆవిడ. మేష్టర్లూ టీచర్లూ కాగితాల మీద పడి, ఎవరి బేసిక్ ఎంతకి ఎక్కిందో, ఎవరికి ఇంక్రిమెంటు కలిసొచ్చిందో కేకలు పెట్టుకుంటున్నారు. ఆ సంబరం చూసి కనకకి కూడా నవ్వొచ్చింది. ప్లేట్లు బల్లమీద సర్ది, కొంగుకి చేతులు తుడుచుకుంటూ వార్డెన్ లక్ష్మీప్రసాద్‌ని అడిగింది.

"బాబూ, మరి నాకెంత పెరిగినాది?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నీకు స్కేలేమిటి కనకా? రోజుకూలీ మీద ఐదేళ్ళు తెగకుండా పనిచేసినవాళ్ళకే స్కేలు. నువ్వు కిందటేడు ఏప్రిల్లోనే కదా చేరావు," అన్నాడు లక్ష్మీప్రసాద్ కేసరి నములుతూ.

కనక వేళాకోళమనుకుంది. "నానా? తమరీ బళ్ళోకి రాకముందు కాణ్ణించీ ఆ పొయ్యి కాడే ఉన్నాను కదేటి బాబూ!"

"రిజిస్టర్లో ఉన్నదే చెప్తున్నాను."

ఆయన ముఖంలో వేళాకోళం లేదు. కనక వంటింట్లోకి తిరిగొచ్చి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. పదకొండేళ్ళు ఎటుపోయాయి? ఆ ప్రశ్న ఆవిణ్ణి కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

ఆ ఆదివారం ఉద్యోగుల సంఘం నాయకుడు అప్పలస్వామికి బడి ఆవరణలో సన్మానం జరిగింది. పెద్ద శాలువా, చిన్న ఉపన్యాసం. ఉపన్యాసం అయ్యీ అవకముందే కనక లేచి నిలబడింది. వెనకాలే బళ్ళో రోజుకూలీ మీద పనిచేసే మిగతా ఆరుగురూ లేచారు. నీళ్ళు మోసే యర్రమ్మ, వాచ్‌మన్ బుధు, తక్కిన వంటవాళ్ళు, ఊడ్చేవాళ్ళు.

"బాబూ, జీతం ఎలాగ కడతారో మాకూ సెప్పండి," అంది కనక.

అప్పలస్వామి చెడ్డవాడు కాదు. ఓపిగ్గానే చెప్పాడు. "చూడమ్మా, ఐదేళ్ళకోసారి కమిషన్ కూర్చుంటుంది. ఒక సంసారానికి నెలకెంత బియ్యం కావాలి, ఎంత పప్పు, ఎంత గుడ్డ, అన్నీ చూస్తుంది. మధ్యలో ధరలు పెరిగినప్పుడల్లా కరువు భత్యం వేస్తారు. అది తీసుకెళ్ళి మూలవేతనంలో కలిపి, దానిమీద ఇంతని ఫిట్‌మెంటు పెంచుతారు. ఈ పెంపు మాకు ఊరికే రాలేదు, సమ్మె చేసి తెచ్చుకున్నాం."

"మీ సమ్మెకి నానూ గేటు కాడ కూకున్నాను బాబూ," అన్నాడు బుధు. "మా కడుపులకి కరువు రాదేటి?"

"మీ సంగతి కమిషన్ పరిధిలో లేదు. మీరు ఉద్యోగుల్లోకి రారు."

"బియ్యం ఎంత కావాలో లెక్కేసినోళ్ళకి ఆ బియ్యం వండినోళ్ళు అవుపడనేదా?" అంది కనక.

అప్పలస్వామి శాలువా సర్దుకున్నాడు. వినతిపత్రం ఇమ్మన్నాడు. ముందు వరసలో కూర్చున్న సోఫియా టీచరు తల దించుకుంది. మిషన్ బడిలో చదివి పైకొచ్చిన మనిషి ఆమె. మొన్న పెరిగిన జీతం చూసుకుని ప్రార్థన కూడా చేయించింది. కనక మాట ఆమెకి ముల్లులా దిగింది.

ఏప్రిల్ వచ్చింది. గిరిజనుల వేట పండగ, ఇటుకల పండగ దగ్గరపడింది. లోయలో మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుగడ కట్టి, వచ్చేపోయే బళ్ళన్నీ ఆపి పజోరు అడుగుతారు. పజోరంటే పండగ మామూలు. లారీ డ్రైవరైనా కలెక్టరైనా ఇచ్చి తీరాల్సిందే. అంతకుముందున్న వార్డెన్‌లాగే ఏటా ఆ పండగ ముందురోజున లక్ష్మీప్రసాద్ పనివాళ్ళని పిలిచి, సెలవు కాగితాల మీద వేలిముద్రలు వేయించుకునేవాడు. పొద్దుటా సాయంత్రం వండిపెట్టి, మధ్యలో పండగ చూసి రమ్మనేవాడు. ఎంత మంచి సారో అనుకుని కనక ప్రతి ఏడూ ఆయనకి ఒక కోడిపెట్టనిచ్చేది.

ఈసారి ఆ కాగితాలు రాసే పని సోఫియా మీద పడింది. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని వార్డెనే పాత నమూనా ఇచ్చి ఏడు నకళ్ళు తీయమన్నాడు. మొదటి నకలు సగంలో ఉండగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. కాగితం పట్టుకుని నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"కనకమ్మా, అందర్నీ పిలువు. మీరు ఇన్నేళ్ళూ దేనిమీద వేలు వేశారో వినండి."

చదివింది. "స్వంత కారణముల వలన నేటితో పని మానుకొనుచున్నాను. నాకు రావలసినది ఏమియు లేదు."

బుధు ఆ కాగితం మీదికి వంగాడు.

"అంటే?" అన్నాడు బుధు.

"ఏటా పండగ ముందురోజు మీరు పని మానేసినట్టు. పండగ వెళ్ళిన మర్నాడు కొత్తగా చేరినట్టు. ఐదేళ్ళు ఎప్పటికీ నిండకుండా తెగ్గొట్టారు."

యర్రమ్మ కనక మీదికి దూకినంత పని చేసింది. "నువ్వే కదే మమ్మల్ని తోలుకెళ్ళి ఏయించినావు! సారు సెలవిచ్చినారు, బేగి రండే, బేగి రండే అని! పైగా కోడిపెట్ట కూడాను!"

కనక సిగ్గుతో చచ్చిపోయింది. తన గొంతు తనే కోసుకోవడం ఒక ఎత్తు, పక్కవాళ్ళ మెడలు పట్టి కత్తికి అందించడం ఇంకో ఎత్తు.

"తిట్టవే, తిట్టు. తప్పు నాదే," అంది. "తిట్టీసినాక సెప్పు, రేపు ఏలు ఏత్తావా?"

"సచ్చినా ఎయ్యను!"

"మరింకేటి? ఎవులూ ఎయ్యొద్దు."

వెయ్యలేదు. లక్ష్మీప్రసాద్ ముందు బుజ్జగించాడు, తర్వాత బెదిరించాడు. "అయితే రేపు గేటు తొక్కొద్దు," అని వంటింటికి తాళం వేయించాడు. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటారు. ఆ మెత్తనివాళ్ళు గట్టిపడితే ఏం చెయ్యాలో మాత్రం ఆయనకి తెలీదు.

పండగ రోజు తెల్లవారేసరికి ఏడుగురూ గేటు బయటే ఉన్నారు. లోపల పిల్లలు. పరీక్షలు, అందుకే ఎవరూ ఇళ్ళకి పోలేదు. ఎనిమిదైనా తాళం తియ్యలేదు. ఆకలికి చిన్నపిల్లలు కమ్మీల్లోంచి చేతులు చాపుతున్నారు. అది చూసి కనక కొంగు బిగించింది.

"ఆడి తాళం ఆడికే ఉండనీ. రోడ్డు మీద పొయ్యి పెట్టండే!"

ఊళ్ళో ఆడవాళ్ళు ఇంటింటి నుంచీ చోడిపిండి తెచ్చారు. మూడు రాళ్ళు, ఒక డేగిశా. కమ్మీల సందుల్లోంచి రెండువందల గిన్నెల్లోకి అంబలి పోశారు. పిల్లలు తాగి పరీక్షకి పరిగెత్తారు. ఆ తర్వాత ఆడవాళ్ళంతా కలిసి ఆ పొయ్యి పక్కనే రోడ్డుకి అడ్డంగా వెదురుగడ కట్టారు.

పదింటికి పరీక్ష తనిఖీకి పెద్దాఫీసరు జీపు వచ్చింది. గడ చూసి ఆయన నవ్వుతూ పదినోటు చాపాడు.

"డబ్బులొద్దు బాబూ," అంది కనక. "ఈ యేడు పజోరు ఒక్క మాట. మావు ఈ బడి పనోళ్ళమా, కాదా? అది సెప్పి ముందుకెళ్ళండి."

ఆఫీసరు నవ్వు పోయింది. గేటు లోంచి లక్ష్మీప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు. వంటిల్లు మూసి ఉన్న సంగతి ఎక్కడ బయటపడుతుందోనని నోటికొచ్చింది అనేశాడు. "వంటవాళ్ళు సార్! డ్యూటీ ఎగ్గొట్టి అల్లరి చేస్తున్నారు. పొద్దుట్నుంచి పిల్లల్ని పస్తుంచారు!"

"పస్తా?" అంది యర్రమ్మ. "ఆ డేగిశా సూడండి, ఇంకా కాలతన్నాది!"

ఆఫీసరు పోలీసులకి కబురు పెట్టాడు. ఎస్సై వచ్చాడు. గడ చూశాడు, చుట్టూ చేరిన రెండు వందల మంది ఆడవాళ్ళని చూశాడు, తల గోక్కున్నాడు.

"పండగ గడ సార్. దీనికి ఊరి మీద కేసు కడితే లోయ లోయంతా లేస్తుంది."

"ఊరి మీద ఎందుకయ్యా? వీళ్ళు మా సిబ్బంది. డ్యూటీ రోజున ప్రభుత్వ వాహనాన్ని ఆపారు. వార్డెన్, రాసివ్వు."

లక్ష్మీప్రసాద్ కలం తీసి ఆగిపోయాడు. రాస్తే పండగ రోజున వీళ్ళు పనిలో ఉన్నట్టు. రాయకపోతే ఇందాక ఆఫీసరుతో అన్నది అబద్ధం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"సార్, అది... సాంకేతికంగా..."

"రాయవయ్యా!"

రాశాడు. ఆఫీసరు కింద సంతకం గీకాడు. సోఫియా ముందుకొచ్చింది.

"సాక్షి సంతకం నేను పెడతాను సార్. చదివి పెడతాను." గుంపంతా వినేలా చదివింది. "వంట సిబ్బంది కనక మొదలగు ఏడుగురు, ఈ దినము విధులలో ఉండవలసి ఉండగా..."

సంతకం పెట్టి, ఆఫీసరు వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ ఈ దినానే వీళ్ళ ఉద్యోగం తెగ్గొడుతున్నారు సార్. ఈ ఏడు తెగలేదని మీరే రాసిచ్చారు."

తనని సస్పెండ్ చేస్తారని ఆమెకి తెలుసు. అయినా మాట తప్పలేదు. లక్ష్మీప్రసాద్ కాగితం కోసం చెయ్యి చాపాడు. అప్పటికే ఎస్సై దాన్ని మడిచి జేబులో పెట్టేశాడు.

ఏడుగురూ వాళ్ళంతట వాళ్ళే పోలీసు వ్యానెక్కారు. ఆడవాళ్ళు వ్యాన్ కోసం గడ ఎత్తారు, జీపుకి అడ్డంగా మళ్ళీ దించేశారు.

స్టేషన్లో రైటరు పుస్తకం తెరిచాడు.

"పేరు?"

"కనక."

"ఏం పని?"

"సర్కారు బళ్ళో వంట. పదకొండేళ్ళు. అది కూడా రాయండి బాబూ."

"అదెందుకు?"

"రాయండి. ఒక్క రోజు తెగనేదని కూడా రాయండి."

రైటరు ఆవిణ్ణి ఎగాదిగా చూసి, రాశాడు. "నాను తొమ్మిదేళ్ళు," అంది వెనక నుంచి యర్రమ్మ. "నాను పద్నాలుగు," అన్నాడు బుధు. ఈ ఏడు తెగలేదు. వెనకటి ఏళ్ళన్నీ ఇంకా లాక్కోవాలి. ఎంత కాలం పడుతుందో కనకకి తెలీదు. కానీ పదకొండేళ్ళు అన్న ముక్క సర్కారు పుస్తకంలో ఎక్కడం ఆవిడ కళ్ళారా చూసింది. అక్షరాలు రాకపోయినా చూసింది.

సాయంత్రానికి వరండా నిండిపోయింది. చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల వంటవాళ్ళు, కావలివాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, సర్కారు పుస్తకంలో ఏళ్ళు రాస్తున్నారని విని, పండగ బట్టల్తోనే కొండ దిగి వచ్చేశారు.

"మీరెందుకొచ్చారు? మీమీద కేసు లేదు!" అని అరిచాడు ఎస్సై.

"నేకపోతే కట్టండి బాబూ," అన్నాడు ముందున్న ముసలాయన. "నా పేరు గాసి. ఇరవై రెండేళ్ళు."

ఆయన వెనక వరస రోడ్డు దాకా ఉంది. రైటరు ఇంకో దస్తా కాగితాల కోసం లేచాడు.